ఒకే జిల్లా, రెండు పత్రికలు: కరువు వార్తల్లో పక్షపాతాన్ని పట్టుకోవడం ఎలా?

ఒకే రోజు, ఒకే జిల్లా పేజీల్లో ఒక పత్రిక "పైరు నిలువునా ఎండిపోతోంది, ప్రభుత్వానికి పట్టడం లేదు" అని రాస్తే, ఇంకో పత్రిక "జిల్లాలో సాధారణ వర్షపాతం, ఊపందుకున్న సాగు" అని రాసిందనీ, ఈ రెండింటిలో ఏది అబద్ధమో తేల్చుకోవడం ఎలాగనీ మీరు అడిగారు. పార్టీలు ఒకదాని మీద ఒకటి విసురుకునే "వాళ్ళ మీడియా, వీళ్ళ మీడియా" ఆరోపణల్లో నిజమెంత అని కూడా అడిగారు. జిల్లా డెస్కుల్లో ఇరవై ఏళ్ళకు పైగా కూర్చుని, వాన రాని ఆగస్టులను ఎన్నింటినో పేజీలుగా దిద్దినవాడిగా నాకు తోచింది చెబుతాను. మీరు చూసిన రెండు వార్తల్లోని అంకెలూ నిజమే అయి ఉండే అవకాశం ఎక్కువ. కరువు వార్తలో పక్షపాతం అంకెను మార్చడం ద్వారా జరగదు, లేదా చాలా అరుదుగా జరుగుతుంది. ఏ అంకెను తీసుకోవాలి, ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి, ఏ మండలానికి ఫొటోగ్రాఫర్‌ను పంపాలి అని తీసుకునే నిర్ణయాల్లోనే అది జరిగిపోతుంది.

మొదట "సాధారణ వర్షపాతం" అన్న మాటనే చూడండి. వాతావరణ శాఖ లెక్కలో సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉన్నదంతా సాధారణమే. 20 నుంచి 59 శాతం వరకు తగ్గితే లోటు, 60 శాతానికి పైబడి తగ్గితే తీవ్రమైన లోటు. ఉమ్మడి అనంతపురం జిల్లాకు చాలా ఏళ్ళు వాడిన లెక్క ప్రకారం ఏడాది సగటు 552 మిల్లీమీటర్లు, అందులో జూన్ నుంచి సెప్టెంబరు వరకు 338. అంటే 274 మిల్లీమీటర్లు కురిసినా కాగితం మీద ఆ నాలుగు నెలలు సాధారణమే. వాన ఎక్కువ కురిసే జిల్లాకు 60 మిల్లీమీటర్లు తగ్గితే ఎవరూ గమనించరు. మన దగ్గర అది ఒక పంట. పైగా ఆ 274 ఎప్పుడు కురిసిందన్నది ఆ అంకెలో కనిపించదు. జూన్‌లో రెండు గాలివానలు దంచికొట్టి, జూలై నెలాఖరున ఒక ముసురు పట్టి, ఆ తర్వాత వేరుశనగ ఊడలు (నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే వేళకు నాలుగు వారాలు వాన లేక బెట్ట తగిలితే, చెట్టు పచ్చగానే కనిపిస్తుంది గానీ పీకి చూస్తే కింద కాయ ఉండదు. జూన్ 1 నుంచి మొత్తం కలిపి చెప్పిన విలేఖరి "సాధారణం" అంటాడు, ఆగస్టు నెలను విడదీసి చెప్పిన విలేఖరి "కరువు" అంటాడు, ఇద్దరి చేతిలోనూ ఉన్నది ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం ఇచ్చిన ఒకే కాగితం.

2023 దీనికి మంచి ఉదాహరణ. ఆ ఏడాది ఆగస్టులో దేశం మొత్తం మీద వర్షం 36 శాతం తగ్గింది. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంత పొడి ఆగస్టు లేదు. అయినా నాలుగు నెలలూ కలిపేసరికి దేశ సగటులో 94 శాతం కురిసినట్లు లెక్క తేలింది. ఆ 94ను శీర్షికలో పెట్టాలా, 36ను పెట్టాలా అన్నది వాతావరణ శాస్త్రం తేల్చే విషయం కాదు, సంపాదకుడు తేల్చే విషయం.

సాగు విస్తీర్ణం సంగతీ ఇంతే. "సాధారణ విస్తీర్ణంలో 85 శాతం సాగు పూర్తి" అన్న వార్త చూడగానే ఆ సాధారణం ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి. అది గడిచిన కొన్నేళ్ళ, మామూలుగా ఐదేళ్ళ, సగటు. వరుసగా వానలు మొండికేసి రైతులు వేరుశనగ తగ్గించుకుంటూ వస్తే ఆ సగటు కూడా కిందికి దిగుతూ వస్తుంది, అప్పుడు తక్కువ వేసినా శాతం ఎక్కువగా కనిపిస్తుంది. అదును దాటాక ఆగస్టులో ప్రత్యామ్నాయ పంటగా చల్లిన ఉలవలు కూడా ఆ లెక్కలో చేరతాయి. అబద్ధం ఎక్కడా లేదు, కానీ చదివినవాడికి అందిన బొమ్మ మాత్రం తప్పు.

ఇక కరువు మండలాల జాబితాకు వద్దాం, ఎందుకంటే అసలు గొడవంతా దాని చుట్టూనే నడుస్తుంది. కరువు పడడం వేరు, కరువును ప్రకటించడం వేరు. ప్రకటన అనేది రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా చేసే పని. 2016 డిసెంబరులో కేంద్రం తెచ్చిన కరువు నిర్వహణ మాన్యువల్ ప్రకారం మొదట వర్షపు లోటు, బెట్ట రోజులు చూడాలి. అది దాటాక సాగు విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో పంట పచ్చదనం, నేలలో తేమ, జలాశయాలు, భూగర్భజలాల స్థితి వంటి ప్రభావ సూచికలను చూడాలి. ఆ తర్వాత ఎంపిక చేసిన పది శాతం గ్రామాల్లో పొలాలకు వెళ్ళి సరిచూసుకోవాలి. చివరికి మండలం "తీవ్ర" కరువుగానో "మధ్యస్థ" కరువుగానో తేలుతుంది. ఖరీఫ్‌కు ఈ తంతు అక్టోబరు నెలాఖరుకు పూర్తి కావాలి. జాతీయ విపత్తు నిధి నుంచి డబ్బు అడగడానికి వీలున్నది తీవ్ర కరువుకే గనుక, "మా మండలం పేరు జాబితాలో ఉందా" అన్న ప్రశ్న కన్నా "ఏ వరుసలో ఉంది" అన్న ప్రశ్న ముఖ్యం. పత్రికలు ఈ రెండో ప్రశ్నను ఒక పట్టికలో పెట్టి వదిలేస్తాయి, మొదటి దాని మీద మాత్రం రోజుల తరబడి కథనాలు నడుపుతాయి.

2023 ఖరీఫ్‌కు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏడు జిల్లాల్లో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. 80 తీవ్రం, 23 మధ్యస్థం. అంతకుముందు నాలుగేళ్ళలో ఒక్క కరువు మండలం కూడా ప్రకటించాల్సిన అవసరం రాలేదని ఆ ప్రభుత్వం సభల్లో పదే పదే చెప్పుకుని ఉన్నందువల్ల, ఆ జాబితా వ్యవసాయ సమాచారంగా కాక రాజకీయ ఒప్పుకోలుగా చదవబడింది. ఏడాది తిరగకముందే అధికారం మారింది. 2024 ఖరీఫ్‌కు కొత్త ప్రభుత్వం ఐదు జిల్లాల్లో 54 మండలాలను ప్రకటించింది. 27 తీవ్రం, 27 మధ్యస్థం. మీకు నిజంగా ఓపిక ఉంటే మీ ఊరి గ్రంథాలయానికి వెళ్ళి ఈ రెండు ఉత్తర్వులు వెలువడిన మర్నాటి పత్రికలను తీయించి, ఒకే పత్రిక 2023లో ఏ పేజీలో ఎన్ని కాలమ్‌లు ఇచ్చింది, 2024లో ఎక్కడ వేసింది, ఏ ఏడాది "మిగిలిన మండలాల మాటేమిటి" అని అడిగింది, ఏ ఏడాది అడగలేదు అన్నవి రాసుకోండి. పక్షపాతాన్ని కొలవడానికి నాకు తెలిసిన నమ్మదగిన పద్ధతి ఇదొక్కటే. రెండు పత్రికలను ఒకే రోజున పోల్చి చూస్తే వాటి మధ్య ఉన్న పోరు కనబడుతుంది, అంతే. ఒకే పత్రికను రెండు ప్రభుత్వాల కింద పోల్చినప్పుడే దాని మొగ్గు తెలుస్తుంది. అయితే 2024లో వానలు 2023 కంటే మెరుగు గనుక, వార్తలు తగ్గినంత మాత్రాన పక్షపాతమని అనేయకండి. అడిగిన ప్రశ్నల స్వభావం మారిందా అని చూడండి.

2023లోనే మరో పోలిక బాగా తిరిగింది. సరిహద్దుకు అవతల కర్ణాటకలో 236 తాలూకాలకు గాను 223 కరువు తాలూకాలుగా ప్రకటించారు, ఇవతల మాత్రం 103 మండలాలేనా, మేఘానికి సరిహద్దు తెలుసా అని చాలామంది అడిగారు. ప్రశ్న సబబే. కానీ తాలూకా వేరు, మండలం వేరు. కన్నడ తాలూకా మన మండలాలు కొన్ని కలిపినంత ఉంటుంది. పెద్ద కొలమానంతో సగటు తీస్తే ఒక మూల కురిసిన వాన మిగతా మూలలను కప్పేయవచ్చు, లేదా ఒక మూల ఎండిన పంట మిగతా మూలలనూ జాబితాలోకి లాగవచ్చు. ఈ తేడా చెప్పకుండా 223నూ 103నూ పక్కపక్కన పెట్టిన శీర్షిక ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టడానికి పనికొస్తుంది, రైతుకు జరిగింది చెప్పడానికి పనికిరాదు. అదే కర్ణాటకలో పోరు బెంగళూరుకూ ఢిల్లీకీ మధ్య నడిచింది. 18,171 కోట్ల రూపాయల సాయం కోసం ఆ రాష్ట్రం 2024 మార్చిలో సుప్రీంకోర్టుకు వెళితే, ఏప్రిల్ చివరికి కేంద్రం విడుదల చేసింది సుమారు 3,454 కోట్లు. అక్కడ అడిగినదాన్ని ముందు పెట్టి రాసిన వార్త ఒక కథ చెబుతుంది, విడుదలైనదాన్ని ముందు పెట్టి రాసినది ఇంకో కథ.

ప్రభుత్వాలు కరువు మాట ఎత్తడానికి ఎందుకు వెనకాడతాయో ఒక తీర్పు చెబుతుంది. 2016 మే 11న స్వరాజ్ అభియాన్ కేసులో జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ ఎన్.వి.రమణల ధర్మాసనం బిహార్, గుజరాత్, హరియాణా ప్రభుత్వాల తీరును తప్పుపట్టింది. ఇసుకలో తల దూర్చుకున్న ఉష్ట్రపక్షితో వాటి వైఖరిని పోల్చింది. ఆ మూడు ప్రభుత్వాలూ ఒకే పార్టీవి కావన్నది గమనించండి. ఆ తీర్పు తర్వాతే పాత మాన్యువల్ స్థానంలో కొత్తది వచ్చింది. కొత్తది వచ్చాక తీవ్ర కరువు అనిపించుకోవడం ఇంకా కష్టమైందని రాష్ట్రాలు మొత్తుకోవడం వేరే కథ.

మన దగ్గర ఈ ఆరోపణలకు ఉన్న నేపథ్యం మీకు తెలియనిది కాదు. సాక్షి 2008లో వై.ఎస్. కుటుంబం ఆధ్వర్యంలో మొదలైంది. నమస్తే తెలంగాణ బీఆర్ఎస్‌కు దగ్గరి పత్రిక. ప్రజాశక్తి, విశాలాంధ్రలు కమ్యూనిస్టు పార్టీలవని అందరికీ తెలుసు, అవి దాచుకోవు కూడా. ఈనాడు, ఆంధ్రజ్యోతులను వైసీపీ నాయకులు తెలుగుదేశం పక్షమని అంటారు. "దుష్టచతుష్టయం" అన్న మాట వాళ్ళ సభల్లో ఎన్నిసార్లు వినిపించిందో లెక్కలేదు. "చంద్రబాబు, కరువు కవలలు" అన్న నినాదమూ అలాంటిదే. ఈ నినాదాన్ని వాతావరణ రికార్డు పక్కన పెట్టి చూడండి: ఎల్‌నినో ప్రభావంతో దేశంలో వర్షాలు దెబ్బతిన్న ఏళ్ళు 2002, 2009, 2015, 2023. మొదటి ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో తెలుగుదేశం ప్రభుత్వం ఉంది, దేశం మొత్తం మీద సుమారు 22 శాతం లోటు పడిన 2009లో కాంగ్రెస్ ప్రభుత్వం ఉంది, 2015లో ఇటు తెలుగుదేశం, అటు తెరాస ఉన్నాయి, 2023లో ఇటు వైసీపీ ఉంది. మన పెద్దలు 1832 నాటి దాన్ని నందన కరువు అన్నారు, 1876 నాటి దాన్ని ధాత కరువు అన్నారు. సంవత్సరం పేరు పెట్టారు గానీ ఏలినవాడి పేరు పెట్టలేదు. అలాగని ఏలినవాడికి పూచీ లేదని కాదు. వాన ఆగిన తర్వాత చేయాల్సిన పనులన్నిటికీ ఉంది, వార్త రాయాల్సింది కూడా దాని గురించే.

2016 ఆగస్టులో అనంతపురం జిల్లాలో ఎండుతున్న వేరుశనగను రెయిన్‌గన్లతో తడిపే కార్యక్రమం నడిచినప్పుడు ఈ తేడా స్పష్టంగా బయటపడింది. లక్షల ఎకరాలు కాపాడామని ప్రభుత్వం చెప్పింది, అదంతా ప్రచారమని ప్రతిపక్షం కొట్టిపారేసింది, పత్రికలు రెండుగా చీలిపోయాయి. ఆ ఖరీఫ్‌కే జిల్లా కరువు జాబితాలోకి వచ్చింది. చూడవలసిన ప్రశ్న ఒకటే: ఒక తడి ఇచ్చిన పొలంలో ఎకరాకు ఎన్ని బస్తాలు వచ్చాయి, ఇవ్వని పక్క పొలంలో ఎన్ని వచ్చాయి? అది డిసెంబరులో అడగాల్సిన ప్రశ్న. ఆగస్టులో పేజీలకు పేజీలు నింపిన రెండు పక్షాలూ డిసెంబరులో ఆ పొలం గట్టు ఎక్కడం నేను పెద్దగా చూడలేదు.

తెలంగాణలో 2024 వేసవి ఇంకో రకం పాఠం. కేసీఆర్ మార్చి 31న జనగామ, సూర్యాపేట, నల్లగొండ జిల్లాల్లో ఎండిన పొలాలు చూసి, ఇది కాలం తెచ్చిన కరువు కాదు, కాంగ్రెస్ తెచ్చిన కరువని అన్నారు. ప్రభుత్వం వర్షాభావం అంది, 2023 అక్టోబరులో గోదావరి మీది కాళేశ్వరం ప్రాజెక్టులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగడాన్ని గుర్తుచేసింది. ఇక్కడ నది ఏదో చూస్తే సగం చిక్కు విడిపోతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఎండిన పొలానికి కారణం కృష్ణలో ఆ ఏడాది వరద రాకపోవడం. దానికీ మేడిగడ్డకూ సంబంధం లేదు. శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల చివర, గోదావరి నీటి మీద ఆశతో నాటు వేసిన పొలం కథ వేరు. అక్కడ పంపులు, బ్యారేజీలు, విడుదల నిర్ణయాల గురించి అడగడం న్యాయమే. ఒక పత్రిక మొదటి పొలం ఫొటో వేసి రెండో పొలం కారణం రాస్తే, ఇంకోటి రెండో పొలం ఫొటో వేసి మొదటి దాని కారణం రాయగలదు. శీర్షిక కింద ఊరి పేరు ఉంటుంది కదా, ఆ ఊరికి నీళ్ళు ఏ కాలువ నుంచి వస్తాయో కనుక్కోండి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, కళ్యాణదుర్గం వైపు ఒక తండాకు మా ఫొటోగ్రాఫర్‌తో పాటు నేనూ వెళ్ళాను. మేము నిలబడిన గట్టుకు ఒక పక్క బోరు కింద వరి నిగనిగలాడుతోంది, ఇంకో పక్క మెట్ట చేలో బుడ్డ (వేరుశనగ) చెట్లు ఆకు ముడుచుకుని నేలకు అంటుకుని ఉన్నాయి. రైతు ఒక చెట్టు పీకి, ఊడలు గాలిలో వేలాడుతుంటే చూపించి, "నేల గట్టిపడింది సార్, ఇవి లోపలికి పోవు" అన్నాడు. మరో పత్రిక విలేఖరి కూడా అదే గట్టు మీద, మాతోపాటు అదే టీ తాగుతూ ఉన్నాడు. మర్నాడు వాళ్ళ పేజీలో వరి వచ్చింది, మా పేజీలో బుడ్డ చెట్టు వచ్చింది. మా కంట్రిబ్యూటర్ పంపిన కాపీలో "పక్క మండలంలో మొన్న మంచి పదును వాన పడింది" అన్న వాక్యం ఒకటి ఉండేది. దాన్ని కొట్టేసింది నేనే. ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. నేను పనిచేస్తున్న సంస్థకు ఏది రుచిస్తుందో తెలిసిన చేయి అలవాటుగా ఆ పని చేసేసింది. పై నుంచి ఆదేశాలు వస్తాయని బయటివాళ్ళు అనుకుంటారు. కొన్నిసార్లు వస్తాయి కూడా. మిగతా రోజుల్లో డెస్కులో కూర్చున్నవాడికి చెప్పాల్సిన అవసరమే రాదు.

ఫొటోల గురించి కూడా ఒక మాట. నెర్రెలు బారిన చెరువు ఫొటో మే నెలలో తీసినదైతే దాని వల్ల ఏమీ తెలియదు, మంచి ఏడాదిలోనూ రాయలసీమ చెరువు మేలో అలాగే ఉంటుంది. అక్టోబరులో తీసినదైతే అది వార్త. నుదుటి మీద చేయి పెట్టుకుని ఆకాశం చూస్తున్న రైతును అలా నిలబడమని అడిగింది ఎవరో చెప్పాల్సిన పని లేదనుకుంటాను.

మండల స్థాయి కంట్రిబ్యూటర్ పరిస్థితి కూడా తెలుసుకోండి. చాలాచోట్ల అతనికి జీతం ఉండదు, అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంటు ఉంటుంది, పైగా పండగలకూ నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు తేవాల్సిన బాధ్యత ఉంటుంది. ఆ ప్రకటన ఇచ్చేది స్థానిక నాయకుడే. పై స్థాయిలో ప్రభుత్వ ప్రకటనల లెక్క ఇదే పని పెద్ద ఎత్తున చేస్తుంది.

అయితే దీన్నంతా విని "అన్నీ అమ్ముడుపోయాయి" అనే నిర్ణయానికి వస్తే అది పాలకులకు అనుకూలించే నిర్ణయం అవుతుంది. పక్షపాతం ఉన్న పత్రిక రాసినంత మాత్రాన వార్త అబద్ధం కాదు. ప్రత్యర్థి పార్టీ పత్రిక కాబట్టే తహసీల్దారు దాచిన బోరు లెక్కలను తవ్వి తీసిన సందర్భాలు నేను ఎరుగుదును. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇబ్బందికరమైన కథనానికి ఇచ్చే మొదటి జవాబు "అది వాళ్ళ మీడియా" అన్నదే. కథనంలోని అంకెకు జవాబు మాత్రం రాదు. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో తప్పుడు వార్తలపై కేసులు పెట్టే అధికారాన్ని ఆయా శాఖల కార్యదర్శులకు కట్టబెడుతూ 2430 నంబరు జీవో వచ్చింది. అలాంటి ఆలోచన 2007లో వేరే ప్రభుత్వానికి కూడా వచ్చి, వ్యతిరేకత వల్ల ఆగింది. ఆరోపణ చేసినవాళ్ళు వార్తలోని ఏ వాక్యం తప్పో వేలుపెట్టి చూపిస్తున్నారా, లేక పత్రిక పేరు మాత్రమే చెబుతున్నారా అన్నది చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

చివరగా, రెండు పక్షాల పత్రికలూ కలిసి వదిలేసేది ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోటు అదే. ప్రభుత్వాన్ని పొగడడానికో తిట్టడానికో పనికిరాని కరువు పేజీ ఎక్కదు. కౌలు రైతును తీసుకోండి: పంట అతనిది, అప్పు అతనిది, కానీ ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం ప్రకారం సాగు హక్కు పత్రం రావాలంటే భూ యజమాని ఒప్పుకోవాలి. అది లేని చోట ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, పేరు యజమానిది పడుతుంది, పంట నష్టానికి ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ ఆ ఖాతాకే పోతుంది. "ఇంతమందికి ఇన్ని కోట్లు జమ" అన్న వార్తలోనూ, "సాయం అందలేదు" అన్న వార్తలోనూ ఇతను లేడు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు ఇంటిల్లిపాదీ వెళ్ళిపోవడం కరువు మండలం ప్రకటించినా ఆగదు, ప్రకటించకపోయినా ఆగదు. అందుకే అది ఏడాదికొక ఫొటోగా మిగిలిపోయింది. మీ మండలం ఈసారి జాబితాలో ఉందో లేదో ఏ పత్రిక చదివినా తెలుస్తుంది. మీ ఊరి బడిలో డిసెంబరులో హాజరు పట్టీ ఎంత పలచబడిందో మాత్రం మీరే వెళ్ళి పంతులుగారిని అడగాలి.